ప్రార్థన పెట్టెలో పడిన ఫిర్యాదు

కాలేజీ పిల్లలకు పనికొచ్చే జాగ్రత్తలు ఓ పది రాసిమ్మని ఒక కాలేజీ పత్రిక వాళ్ళు అడిగారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆ పదీ చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది. చీకటి సందుల్లో ఒంటరిగా నడవకండి, ఫోన్లో చార్జింగ్ చూసుకోండి, ముక్కూమొహం తెలియనివాళ్ళకు ఫొటోలు పంపకండి. అవన్నీ మీకు నాకంటే బాగా వచ్చు. నేను చెబుతుంటే వెనక బెంచీలో కూర్చుని నాతోపాటు పెదవులు కదుపుతూ అప్పజెప్పిన పిల్లలను కూడా చూశాను. అందుకని జాగ్రత్తలు రాయడం లేదు. జాగ్రత్తలు చెప్పేవాళ్ళు చేసే ఒక తప్పు గురించి రాస్తున్నాను. ఆ తప్పు నాదే కనుక రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నేను పోలీసు శాఖలో కానిస్టేబుల్‌గా చేరి ఏఎస్సైగా రిటైరయ్యాను. చివరి పోస్టింగ్ గోదావరి గట్టున ఒక పట్నంలో. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను, మీరూ ఆరా తీయకండి. ఆ స్టేషన్‌లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మధ్యాహ్నం మగవాళ్ళంతా బయట రేకుల షెడ్డు కింద క్యారేజీలు విప్పుకుని నవ్వుకుంటూ తినేవారు. నేను వెళితే నవ్వులు ఆపేసి, "రండి మేడమ్" అని జరిగి చోటిచ్చేవారు. ఆ మర్యాద మింగుడుపడక లోపల వైర్‌లెస్ సెట్టు పక్కన కూర్చుని తినేదాన్ని. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు ఒకప్పుడు ఉండేవారు. తరువాత ఆ అడగడం కూడా మానేశారు.

ఆదివారం చర్చిలోనూ అదే వరస. ఆడవాళ్ళ వైపు మూడో బెంచీలో నా పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ ఎప్పుడూ ఉండేది. పోలీసావిడ పక్కన కూర్చుంటే వీళ్ళింట్లో ఏదో గొడవ జరిగిందని జనం అనుకుంటారని భయం కాబోలు. వాళ్ళను తప్పుపట్టను. అయితే గొంతు మాత్రం నాదే కావలసి వచ్చింది. పెరేడ్‌లో అరిచి అరిచి గట్టిపడిన గొంతు కదా, మైకు లేకపోయినా చివరి బెంచీకి వినపడుతుందని స్త్రీల సమాజం వాళ్ళు ప్రార్థన మనవులు చదివే పని నాకు అప్పగించారు. గుమ్మం దగ్గర చిన్న చెక్క పెట్టె ఉండేది. ఎవరికి ఏ కష్టమున్నా చీటీ రాసి అందులో వేస్తారు. మోకాళ్ళ నొప్పి, పరీక్షలు, ఉద్యోగం, తాగుడు మానని భర్త. నేను చదువుతాను, అందరూ ప్రార్థిస్తారు. చీటీ మీద పేరు రాయనక్కర్లేదు. "పేరు దేవుడికి తెలుసులెండి" అనేవారు మా పాస్టరు అయ్యగారు.

ఇక రెండో పెట్టె నాది. ఊళ్ళోని డిగ్రీ కాలేజీలో ఆడపిల్లల కోసం ఫిర్యాదుల పెట్టె పెట్టాలని పైనుంచి ఆదేశం వచ్చింది. ట్రంకు పెట్టెలు చేసే ఆయన దగ్గర కూర్చుని మరీ చేయించాను. పసుపు రంగు వేయించాను. దాని తాళంచెవి నా ఇంటి తాళంచెవి గుత్తికే కట్టుకున్నాను. ఎవరూ పాడుచేయకుండా ప్రిన్సిపాల్ గది ఎదుట, సీసీ కెమెరా కింద తగిలించాను. పెట్టె భద్రంగా ఉండాలని చూశానే తప్ప, చీటీ వేసే పిల్ల ఎవరి కంటా పడకూడదన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. ప్రారంభం రోజు పిల్లలందరినీ కూర్చోబెట్టి గంట మాట్లాడాను. "పేరు, రోల్ నంబరు, మీ నాన్నగారి ఫోన్ నంబరు తప్పకుండా రాయండి. భయపడకండి. అవసరమైతే మీ నాన్నగారికి మేమే ఫోన్ చేసి చెప్తాం" అని ముగించాను. చప్పట్లు కొట్టారు. అది భరోసా అనుకున్నాను.

మొదటి నెలలోనే ఒక ఫిర్యాదు వచ్చింది. మొదటి సంవత్సరం అమ్మాయి, పొందికైన చేతిరాత. తన క్లాసు అబ్బాయి ఒకడు ఎక్కడ కనబడితే అక్కడ అడ్డుపడుతున్నాడనీ, వద్దన్నా మెసేజీలు పెడుతున్నాడనీ రాసింది. నేను చెప్పినట్టే పేరు, రోల్ నంబరు, నాన్న నంబరు అన్నీ రాసింది. ఆ పిల్లను ప్రిన్సిపాల్ గదికి పిలిపించి, రాసింది తనేనని ఖాయం చేసుకుని, నేను చెప్పినట్టే ఫోన్ చేశాను. సాయంత్రానికల్లా తండ్రి స్టేషన్‌కు వచ్చాడు. చేలో పని చేస్తున్నవాడు చేస్తున్నట్టే వచ్చినట్టున్నాడు, కాళ్ళకు బురద ఆరలేదు. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ అమ్మాయి తప్పేం లేదండి. మీకు తెలియాలని పిలిచాం" అన్నాను.

"ఆయ్. చెప్పారు కదండీ, చాలండి. ఇంక నేను చూసుకుంటానండి" అన్నాడు. చేతులు జోడించాడు. అంత వినయంగా మాట్లాడే తండ్రి దొరికినందుకు సంతోషించాను కూడా.

తరువాతి వారానికి ఆ పిల్ల కాలేజీ మానేసిందని తెలిసింది. వాళ్ళ ఇంటి విషయంలో మనం ఏం చేయగలం అనుకున్నాను. ఆ అబ్బాయిని పిలిచి మందలించడం తరువాతి పనిగా పెట్టుకున్నాను. అమ్మాయే మానేశాక ఆ పని మిగల్లేదు. ఫైలు మీద "పరిష్కరించబడినది" అని రాశాను. ఆ మాట నా చేత్తో రాశానని ఇప్పుడు తలుచుకుంటే చెయ్యి నరుక్కోవాలనిపిస్తుంది.

ఆ తరువాత పసుపు పెట్టెలో చీటీ పడలేదు. క్యాంటీన్ సమోసా మీద ఒకసారి, నేను కొంచెం నవ్వితే బాగుంటానని ఒకసారి పడ్డాయి తప్ప. ప్రతి శనివారం వెళ్ళడం, తాళం తీయడం, లోపల చెయ్యి పెట్టి తడమడం, మళ్ళీ తాళం వేయడం. నెలాఖరు రిపోర్టులో "ఫిర్యాదులు లేవు" అని రాసేదాన్ని. సీఐ గారు మెచ్చుకున్నారు. నేనూ నమ్మాను. అసలు చెప్పుకోవాల్సింది ఆ నమ్మకం గురించే. ఎవరూ మాట్లాడకపోతే అంతా బాగుందనుకోవడం మా ఉద్యోగంలో చాలా తేలిక.

ఒక ఆదివారం చర్చిలో చెక్క పెట్టెలోంచి ఒక చీటీ తీశాను. లాంగ్ నోట్‌బుక్‌లోంచి చింపిన రూళ్ళ కాగితం. "రోజూ సాయంత్రం బస్సులో నాకు భయం కలుగుతోంది. ఆ భయం పోయేలా ప్రార్థించండి." గట్టిగా చదివాను. అందరూ ప్రార్థించారు. పై వారం అదే చేతిరాత. "సీటు మారాను. అయినా భయం పోలేదు." అదీ చదివాను. మూడో వారం, "ఇంక చదువు మానేస్తానేమో. మా వాళ్ళకు తెలియకుండానే ఇది తీరిపోవాలని ప్రార్థించండి." చివరి బెంచీకి వినపడేలా చదివి, కళ్ళు మూసుకుని, మనస్ఫూర్తిగా ఆమెన్ అన్నాను. ఇంటికెళ్ళి చేపల పులుసు వండుకున్నాను.

భోజనం చేసి నెలాఖరు రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. "ఫిర్యాదులు" అని రాశాను. వారమంతా ఇంట్లో కూడా ప్రార్థించుకుందామని ఆ చీటీలు బైబిల్ సంచిలో వేసుకోవడం నాకు అలవాటు. కళ్ళజోడు కోసం సంచిలో చెయ్యి పెడితే ఆ మూడు చీటీలూ వేళ్ళకు తగిలాయి. రిపోర్టు పక్కనే పెట్టి చూశాను. కాలేజీ పిల్ల, బస్సు, భయం, మానేయబోయే చదువు. ఏ ఫిర్యాదు కోసం శనివారం శనివారం ఖాళీ పెట్టె తడుముతున్నానో, దాన్ని నా నోటితోనే మూడు వారాలు నిండు సభలో చదివి, దేవుడి మీదకు తోసేసి ఇంటికొచ్చి కూర పెట్టుకు తిన్నాను. ఇన్నేళ్ళ పోలీసు ఉద్యోగం మీద నాకు అసహ్యం వేసింది. చెప్పుకుని ఏడవడానికి ఇంట్లో ఎవరూ లేరు. గిన్నెలు కడుగుతూ ఏడ్చాను.

సోమవారం మా హెడ్ కానిస్టేబుల్ గారికి చెప్పాను. వయసులో నాకంటే పెద్దాయన, స్టేషన్‌లో రాతకోతలన్నీ ఆయనవే.

"చర్చిలో వచ్చిన ఫిర్యాదు ఏ రిజిస్టర్లో ఎక్కించమంటారండి?" అని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి పెన్ను కింద పెట్టాడు. "ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి మేడమ్. మా అమ్మాయి కూడా అక్కడే చదువుతుంది కదండీ. మీ పెట్టె సంగతి వాళ్ళమ్మతో చెప్పిందంట. అందులో చీటీ వేస్తే నాన్నకి ఫోన్ వెళ్తుంది, నాన్న చదువు మాన్పిస్తాడు, ఎవరేస్తారమ్మా అందంట."

"మీరు మాన్పిస్తారా?" అని అడిగాను.

ఆయన కింద పెట్టిన పెన్ను మళ్ళీ తీసి మూత పెట్టాడు. "ఏమోనండి. మాన్పించనని మాత్రం ఒట్టేసి చెప్పలేను" అన్నాడు. నిజం చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

మా చర్చికి కాలువ వెంబడి ఉన్న రెండు ఊళ్ళ నుంచి కుటుంబాలు వచ్చేవి. ఆ రెండు ఊళ్ళకూ కాలేజీ విడిచే వేళకు బస్సు ఒకటే. మంగళవారం యూనిఫాం తీసేసి, నేత చీర కట్టుకుని, చేతిలో కూరగాయల సంచితో ఆ బస్సెక్కాను. అచ్చం సంతకొచ్చిన మనిషిలా ఉన్నానని మురిసిపోయాను. కండక్టరు టికెట్ ఇస్తూ నా కాళ్ళకేసి చూసి, "మేడమ్ గారికి సీటివ్వండమ్మా" అని కేకేశాడు. చీర కింద డ్యూటీ బూట్లు. పాతికేళ్ళకు పైగా వేసుకున్న అలవాటు, పొద్దున్నే కాళ్ళు వాటంతటవే దూరిపోయాయి. బస్సంతా బుద్ధిమంతులైపోయింది. ఆడపిల్లలు తలలు దించుకుని నా బూట్లనే చూశారు. ఎవరు నవ్వారో గాని నవ్వు వినపడింది. ఆ నవ్వు నాకు తగినదే.

రెండు రోజులు ఆగి, పక్కింటావిడ హవాయి చెప్పులు అడిగి తీసుకుని, ముందు స్టాపులోనే ఎక్కి వెనక కూర్చున్నాను. పక్కన ఖాళీ తట్టతో చేపలమ్మే ఆవిడ. కాలేజీ దగ్గర పిల్లలు ఎక్కారు. వాళ్ళ వెనక తెల్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఎక్కాడు. యాభై ఏళ్ళుంటాయి. కండక్టరు నమస్కారం పెట్టాడు. ఇద్దరు ముగ్గురు లేచి సీటివ్వబోయారు. ఆయన వద్దని నవ్వి, కిటికీ పక్కన కూర్చున్న ఒక అమ్మాయి దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. ఆ పిల్లను చూసిన గుర్తుంది. చర్చిలో అయిదో వరసలో తల్లి పక్కన కూర్చుంటుంది. బస్సు కాలువ గట్టు ఎక్కి కుదిపినప్పుడు ఆయన చెయ్యి సీటు కడ్డీ మీద నుంచి పిల్ల భుజం మీదకు జారింది. కుదుపు ఆగినా చెయ్యి తీయలేదు. ఆ పిల్ల కిటికీకి అతుక్కుపోయి పుస్తకాలు గుండెలకు అదుముకుంది.

నేను లేచి వెనగ్గా నిలబడ్డాను. ఆయన వంగి, చాలా ఆప్యాయంగా అంటున్నాడు. "నిన్న జిరాక్స్ షాపు దగ్గర ఎవరో అబ్బాయితో మాట్లాడావు కదా. మీ నాన్నకి చెప్పమంటావా?"

ముందు కోపం రావాలి కదా. రాలేదు. ఎందుకంటే ఆ మాట నాది. వేదిక ఎక్కి, మైకు ముందు, చప్పట్ల మధ్య నేను చెప్పిన మాట. నేను భరోసా అనుకుని అన్నాను, వాడు బెదిరింపుగా అన్నాడు. వినే పిల్ల చెవికి రెండింటికీ తేడా లేదు.

కోపం తరువాత వచ్చింది. వాడి మణికట్టు పట్టుకున్నాను. "చెప్పండి. నాన్నకేం చెప్తారో నేనూ వింటాను."

"ఎవరమ్మా నువ్వు? ఈ పిల్ల నాకు కూతురులాంటిది" అన్నాడు, బస్సంతా వినపడేలా. గుర్తింపు కార్డు తీసి చూపించాను. అప్పుడు చేపలావిడ తట్ట కింద పెట్టి లేచింది. "కూతురంట, కూతురు! నేను చూత్తానే ఉన్నానమ్మా ఎన్నాళ్ళనుంచో. ఈ పిల్ల ఏ సీట్లో కూకుంటే ఆ సీటు కాడికే వత్తాడు. రాసుకోండి, నేను యేలిముద్ర ఏత్తాను" అంది. ఆవిడ అన్నాక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు గొంతు కలిపారు.

కాలువ లాకుల దగ్గర బస్సు ఆపించాను. హెడ్ కానిస్టేబుల్ గారు జీపు తీసుకొచ్చి వాణ్ణి ఎక్కించారు. ఆ పిల్ల నా చీర కొంగు పట్టుకుంది.

"మేడమ్, నాన్నకి ఫోన్ చెయ్యకండి మేడమ్. ఇంక కాలేజీకి పంపరు. ఇంకో సంవత్సరమే ఉంది. మీ కాళ్ళు పట్టుకుంటాను."

అప్పుడు అడిగాను, నా సర్వీసు మొత్తంలో మొదటిసారి. "ఎవరికి చెప్పమంటావు తల్లీ? ఎవరికి చెప్పొద్దంటావు?"

అలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని ఆ పిల్లకు తెలియనట్టుంది. లాకుల్లో పడే నీళ్ళకేసి చూస్తూ అంది. "అమ్మకి నేనే చెప్తాను. నాన్నకి ఇప్పుడే వద్దండి. ఇంకోటండి... చర్చిలో మీరు నన్ను పలకరించకండి. ఎందుకు పలకరించారని ఇంట్లో అడుగుతారు."

"సరే" అన్నాను. పద్దెనిమిది దాటిన పిల్ల. ఎవరికి చెప్పాలో ఎంచుకునే హక్కు తనది. నా అంతట నేను తండ్రికి ఫోన్ చేయాలని ఏ చట్టమూ చెప్పలేదు. చదువుకున్నదాన్నే, అయినా ఆ రోజు దాకా ఆ సంగతి నా బుర్రకెక్కలేదు.

"అమ్మాయి ఫిర్యాదు ఇవ్వకపోతే కేసెలా?" అన్నారు సీఐ గారు. "నేనిస్తాను సార్. కళ్ళారా చూశాను" అన్నాను. ఆ సాయంత్రం నుంచి వాడి తరఫు పెద్దమనుషులు ఒకరి తరువాత ఒకరు వచ్చారు. పరువుగల మనిషి అన్నారు, మీరే పొరపాటు పడ్డారన్నారు, పెళ్ళీపెటాకులు లేని ఆడదానికి లోకమంతా అలాగే కనబడుతుందని కూడా ఒకాయన అన్నాడు. ఆ మాట తగిలింది. తగల్లేదని అబద్ధం చెప్పను. మర్నాడు మధ్యాహ్నం వైర్‌లెస్ సెట్టు పక్కన క్యారేజీ విప్పుకుంటుంటే, హెడ్ కానిస్టేబుల్ గారు తన క్యారేజీ పట్టుకొచ్చి ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. "బయట ఎండగా ఉందండి" అన్నాడు. షెడ్డు కింద ఎండ పడదు. ఇద్దరం కలిసి తిన్నాం.

నెల తిరిగాక ఆ పిల్లే తల్లిని వెంటబెట్టుకుని వచ్చి వాంగ్మూలం ఇచ్చింది. కేసు వాయిదాల మీద వాయిదాలు నడిచింది, అది తేలకుండానే నేను రిటైరయ్యాను. కానీ వాడు ఆ బస్సు మళ్ళీ ఎక్కలేదు, ఆ పిల్ల కాలేజీ మానలేదు. పసుపు పెట్టెను ఆడపిల్లల విశ్రాంతి గదిలోకి మార్చాం. పేరు అక్కర్లేదని, మీరు చెప్పమన్నవాళ్ళకే చెబుతామని దాని మీద రాయించాను. తరువాతి శనివారం తాళం తీస్తే కాగితాలు చేతికి తగిలాయి. సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

చర్చిలో ఆ పిల్లను పలకరించలేదు. తను నా బెంచీ పక్కనుంచే వెళ్ళేది, నేను పాటల పుస్తకంలోకి చూసేదాన్ని. నా పక్కన ఆ ఖాళీ అలాగే ఉండేది. వచ్చి కూర్చుంటే బాగుండునని చాలాసార్లు అనిపించింది. మాటిచ్చాను గనుక తలెత్తలేదు. ఏడాది దాటాక ఒక ఆదివారం రూళ్ళ కాగితం మీద తెలిసిన చేతిరాత. "డిగ్రీ పాసయ్యాను. స్తోత్రం." చివరి బెంచీకి వినపడే నా గొంతు ఆ ఒక్క చీటీకి పెగల్లేదు. స్త్రీల సమాజం ఆవిడ ఒకరు అందుకుని చదివారు.

ఇక్కడితో ఆపేస్తే నాకు బాగుంటుంది. కానీ మొదటి పిల్ల ఒకతె ఉంది కదా. రిటైరయ్యాక కొవ్వూరులో రెండు గదుల వాటాలో ఉంటున్నాను. కిందటి డిసెంబరులో క్రిస్మస్ చీరకని వంతెన దాటి రాజమండ్రి వెళ్ళాను. బట్టల కొట్టులో కౌంటరు వెనక ఆ పిల్లే యూనిఫాం చీరలో నిలబడి, "ఏ రంగు చూపించమంటారండి?" అంది. నేను గుర్తుపట్టేలోపే తను గుర్తుపట్టినట్టుంది, చేతులు ఒక్క క్షణం ఆగాయి. తరువాత మామూలుగానే చీరలు విప్పి పరిచింది. నాలుగైదు చీరలు చూశాక ఇక ఉండబట్టలేకపోయాను. "నేను మీ నాన్నకి ఫోన్ చేసే ముందు, నీకేం కావాలమ్మా అని అడిగి ఉంటే ఏం చెప్పేదానివి?" అన్నాను.

తను చీర మడత పెడుతూనే ఆలోచించింది. కోపంగా చూసినా బాగుండేది.

"ఏముందండి, మీరు కాలేజీకొచ్చి ఆ అబ్బాయిని ఒక్కసారి కసురుతారనుకున్నానండి. ఇంకేం అనుకోలేదు" అంది. మడత సరిచేసి, "ఇది పక్కన పెట్టమంటారా?" అని అడిగింది.